అమ్మ ఫోటో కోసం ఓ అట్టు లెన్సు

అట్టు అనగానే మీకు పెనం, గరిటె, అల్లం పచ్చడి గుర్తొచ్చి ఉంటాయి. వంటల పేజీ తిప్పి తిప్పి అలవాటైన వాళ్ళం కదా! కానీ నేను చెప్పబోయేది కెమెరాకి తగిలించే అట్టు గురించి. నవ్వకండి. పల్చగా, పొట్టిగా, కెమెరాకి అతుక్కుపోయినట్టుండే లెన్సుని ఫోటోలు తీసేవాళ్ళు పాన్‌కేక్ లెన్సు అంటారు. పాన్‌కేక్ అంటే మన అట్టేగా!

నాకెందుకొచ్చిందీ గొడవ అంటారా? చెప్తాను.

మా నాన్న విశాఖ ఉక్కు ఫ్యాక్టరీలో పనిచేసేవారు. 1979లో సోవియట్ యూనియన్‌తో ఒప్పందం కుదుర్చుకుని, వాళ్ళ సాయంతో కట్టిన ఫ్యాక్టరీ అది. నా చిన్నప్పుడు రష్యా ఇంజనీర్లు వస్తూ పోతూ ఉండేవారు. అందులో ఒకాయన 1988లో తమ దేశం వెళ్ళిపోతూ తన కెమెరాని నాన్నకి అమ్మేసి వెళ్ళాడు. పేరు జోర్కి 4కే. మాస్కో దగ్గర క్రాస్నోగోర్స్క్‌లో తయారైంది. ఇనుప ముద్దలా బరువు. దాంతో నాన్న తీయని ఫోటో లేదు. చుట్టాల పెళ్ళిళ్ళు, పక్కింటివాళ్ళ బారసాలలు, మా బడి పండగలు, అన్నీ ఆయనే.

తమాషా ఏమిటంటే అందరినీ తీసిన మనిషికి తనదంటూ ఒక మంచి ఫోటో లేదు. 2019లో ఆయన పోయినప్పుడు ఇల్లంతా వెతికి, చివరికి ఫ్యాక్టరీ గుర్తింపు కార్డు మీది బొమ్మని పెద్దది చేయించి గోడకి పెట్టాం. దండ వేసిన ఆ ఫోటోలో ఆయన ఎవరిమీదో కోపంగా ఉన్నట్టుంటారు. నిజానికి నాన్నకి కోపమే రాదు.

రెండేళ్ళ క్రితం ఒకరోజు అమ్మ ఆ ఫోటో తుడుస్తూ, "చూడమ్మడూ, నాకు గుర్తింపు కార్డు కూడా లేదు. రేపు నేను పోతే ఆ ఆధార్ కార్డు బొమ్మకి మాత్రం దండ వెయ్యకండి తల్లీ, దెయ్యంలా ఉన్నాను" అంది. తను నవ్వుతూనే అంది. నాకు మాత్రం ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

మర్నాడే ఫోనుతో తీశాను. ఫోను ఏం చేసిందో తెలుసా? అమ్మ మొహంలో ముడతలన్నీ ఇస్త్రీ పెట్టినట్టు చదును చేసేసింది. చూపిస్తే "ఎవరే ఈవిడ?" అంది అమ్మ. పైగా ఫోను ఎదురుగా పెడితే చాలు, పమిట సర్దుకుని, పెదాలు బిగించి, పోలీసు ఠాణాలో నిలబెట్టినట్టు బిగుసుకుపోతుంది. నాన్న "కదలకు, కదలకు" అని అని ఆవిడకా అలవాటు చేశారు.

అప్పుడు బీరువాలోంచి జోర్కి తీశాను. తోలు సంచి విప్పగానే ముక్కవాసన. దానికున్న జూపిటర్ 8 లెన్సులో సాలెగూడులా తెల్లటి పోగులు. సముద్రం గాలి ఊరు కదా, బూజు పట్టేసింది. కెమెరాలు బాగుచేసే పెద్దాయన దగ్గరికి తీసుకెళితే, "అమ్మా, షట్టరు నేను బాగుచేసిస్తాను. లెన్సులో బూజు తుడవచ్చుగానీ, అది తినేసిన పూత మళ్ళీ రాదు. బొమ్మంతా పొగమంచులా వస్తుంది. వేరే లెన్సు చూసుకోండి" అన్నారు.

సరే, ఏ లెన్సు? అక్కడ మొదలైంది నా చదువు!

ముందు ఈ కెమెరా సంగతి రెండు ముక్కల్లో చెప్పాలి. దీన్ని రేంజ్‌ఫైండర్ కెమెరా అంటారు. కిటికీలాంటి చిన్న అద్దంలోంచి చూస్తే మధ్యలో మనిషి బొమ్మ రెండుగా కనిపిస్తుంది. లెన్సు చుట్టూ ఉన్న పట్టీ తిప్పుతుంటే ఆ రెండూ దగ్గరకొచ్చి ఒకటవుతాయి. అయ్యాయంటే ఫోకస్ కుదిరినట్టే. మనం చూసేది ఆ కిటికీలోంచే గాని లెన్సులోంచి కాదు. అందుకే లెన్సు లావుగా, పొడుగ్గా ఉంటే ఆ కిటికీకి ఒక మూల అడ్డొస్తుంది. పల్చటి లెన్సుకి ఆ బెడద లేదు. కెమెరా చేతిసంచిలో పడుతుంది. అన్నిటికంటే ముఖ్యం, ఎదుటి మనిషి మీదికి గొట్టం గురిపెట్టినట్టుండదు. మా అమ్మకి కావలసింది అదే!

పల్చనికి ఒక ఖరీదుంది. లెన్సు ఎంత వెలుతురు లోపలికి రానిస్తుందో ఎఫ్ నంబరు చెబుతుంది. నంబరు చిన్నదైతే రంధ్రం పెద్దది. జూపిటర్‌ది ఎఫ్ 2. చిన్న లెన్సులు చాలావరకు ఎఫ్ 2.5, ఎఫ్ 3.5 దగ్గరే ఆగిపోతాయి. ఎఫ్ 2కి, ఎఫ్ 3.5కి వెలుతురులో సుమారు మూడు రెట్లు తేడా. అంటే చీకటి గదిలో కష్టం. మా వంటింటికి తూర్పు కిటికీ ఉంది కాబట్టి నేను ధైర్యం చేశాను.

నేను చూసినవి మూడు.

మొదటిది ఎల్మార్, 50 మి.మీ., ఎఫ్ 3.5. 1920ల్లో లైకా కెమెరా కోసం మాక్స్ బెరెక్ అనే జర్మన్ శాస్త్రవేత్త రూపొందించిన లెన్సు. వాడనప్పుడు లోపలికి నొక్కేస్తే అట్టులా అణిగిపోతుంది. చాలా పేరున్నది. కానీ ఖరీదు ఎక్కువ, నకిలీలూ ఎక్కువే. రష్యా లెన్సుల మీద ఎల్మార్ అని చెక్కి అమ్మేస్తుంటారట. పేరు చూసి మోసపోకండి అని పెద్దాయన మరీ మరీ చెప్పారు.

రెండోది జపాన్‌లో కొసీనా కంపెనీ చేసిన ఫోక్ట్‌లాండర్ కలర్ స్కోపార్, 35 మి.మీ., ఎఫ్ 2.5. అచ్చమైన అట్టు ఇదే. మడిచే పని లేకుండానే 23 మి.మీ. పొడవు, 134 గ్రాముల బరువు. బొమ్మ అంచుల దాకా కత్తిలా వస్తుంది. మనసు లాగేసిందనుకోండి. కానీ అది లైకా ఎం కెమెరాలకి మెలితిప్పి బిగించేది. మా జోర్కిదేమో 39 మి.మీ. మరచుట్టు. మరచుట్టు లెన్సుని చిన్న రింగు వేసి ఎం కెమెరాకి పెట్టుకోవచ్చు గాని, ఎం లెన్సుని మరచుట్టు కెమెరాకి పెట్టలేం. కొనేముందు అందరూ చూసుకోవలసిన సంగతిది. ఆ లెన్సులోనే పాత మరచుట్టు రకం దొరికినా, జోర్కి కిటికీలో కనిపించేది 50 మి.మీ. లెన్సుకి సరిపడా దృశ్యమే. 35కి పైన విడిగా ఇంకో చూపుగొట్టం బిగించుకోవాలి. చిన్నదాని కోసం బయలుదేరి మళ్ళీ బరువు తగిలించుకోవడమెందుకని వదిలేశాను.

మూడోది ఇండస్టార్ 50. జోర్కి పుట్టిన క్రాస్నోగోర్స్క్‌లోనే పుట్టింది. 50 మి.మీ., ఎఫ్ 3.5. ఎల్మార్‌లాగే ఇందులోనూ నాలుగే గాజు బిళ్ళలు, మూడు వరసల్లో. మడవనిదీ ఉంది, మడిచేదీ ఉంది. మడిచేది లాగితే పూరీలా పొంగుతుంది, నొక్కితే అట్టులా అణుగుతుంది. ఇంకో లాభం కూడా ఉంది. సోవియట్ వాళ్ళ ఫోకస్ కొలతకి, జర్మనీ, జపాన్ వాళ్ళ కొలతకి కొద్దిపాటి తేడా ఉంది. దూరం కొండని తీస్తే తెలియదు గాని, దగ్గర మనిషిని తీస్తే కంటికి బదులు చెవి స్పష్టంగా రావచ్చు. ఏ గూటి పక్షికి ఆ గూడే మేలు కదా!

మరి బొమ్మ ఎలా ఉంటుంది? ఈ పాత లెన్సులకి 'క్యారెక్టర్' ఉంటుందంటారు. మన మాటల్లో చెప్పాలంటే చేతివాటం. ఒకే పప్పు, ఒకే ఉప్పు, కానీ మా అత్తగారి పప్పుచారు వేరు, మా అమ్మది వేరు. అలాగన్నమాట. ఇండస్టార్‌ని పూర్తిగా తెరిస్తే బొమ్మ నడుమ చక్కగా, అంచులు కాస్త మెత్తగా వస్తాయి. ఎఫ్ 8 దాకా మూస్తే అంచులూ సర్దుకుంటాయి. ఎదురు వెలుతురు పడితే పల్చటి తెర కప్పినట్టవుతుంది. పరీక్షలో ఇవన్నీ తప్పులే. కానీ ముడతలున్న మొహానికి అంత కత్తి పదును అక్కర్లేదు, ఫోనులా అబద్ధమూ అక్కర్లేదు. ముడత ముడతలాగే ఉండాలి, మెత్తగా ఉండాలి. అదీ నా లెక్క.

లెక్క బాగానే ఉంది గాని కొనడంలో బోల్తాపడ్డాను. చీటీ డబ్బుల్లోంచి 2,800 రూపాయలు పెట్టి ఎవరో ముక్కూమొహం తెలియనివాళ్ళ దగ్గర తెప్పించాను. ఫోటోల్లో తళతళలాడింది. వచ్చాక వెనకనుంచి ఫోను టార్చి వేసి చూస్తే లోపలంతా ఆవిరి పట్టినట్టు మసక. తిప్పే పట్టీ బిగుసుకుపోయింది. డబ్బు తిరిగి రాలేదు. మావారు ఒక్క మాటా అనలేదు, అదే ఎక్కువ బాధ. రెండోసారి పెద్దాయన చేతే తెప్పించి, ఆయన దుకాణంలోనే చూసుకుని తీసుకున్నాను.

అందుకని మీకు చెప్తున్నాను. పాత లెన్సు కొనేటప్పుడు టార్చి వేసి బూజు, మసక చూడండి. పట్టీ ఆ చివరి నుంచి ఈ చివరికి వెన్నలా తిరగాలి. మడిచే రకాన్ని అన్ని కెమెరాల్లోనూ నొక్కేయకండి, లోపలి భాగాలకి తగలొచ్చు, తెలిసినవాళ్ళని అడగండి. ఇంటికొచ్చాక తోలు సంచిలో దాచకండి, చెమ్మ పడుతుంది. మూత బిగుతుగా ఉన్న డబ్బాలో చెమ్మ పీల్చే సిలికా పొట్లాలు వేసి పెట్టండి. ఇంకో సంగతి. జోర్కిలో షట్టరు గుడ్డతో చేసిన తెర. మూత పెట్టకుండా లెన్సుని సూర్యుడివైపు వదిలేస్తే భూతద్దంతో కాగితం కాలినట్టు ఆ తెరకి చిల్లు పడుతుంది.

ఇక మొదటి రోలు. 36 బొమ్మలు. అమ్మ మామిడిపండు రంగు చీర కట్టుకుని ఓపిగ్గా కూర్చుంది. కడిగించి తెప్పిస్తే అందులో 21 బొమ్మలు అలికేసినట్టున్నాయి, అమ్మవన్నీ వాటిలోనే! ఏమైందంటే, లెన్సుని బయటికి లాగి, తిప్పి బిగించడం మరిచిపోయాను. కిటికీలోంచి చూస్తే అంతా శుభ్రంగానే కనిపిస్తుంది మరి, మూత తీయకపోయినా తెలియదు. "మీ నాన్న అయితే..." అని ఆగిపోయింది అమ్మ. ఆ మాట పూర్తిచేసి ఉంటే బాగుండేదనిపించింది.

ఇప్పుడు కెమెరా చేతిలోకి తీసుకోగానే నోటితోనే అనుకుంటాను: లాగు, తిప్పు, మూత తియ్యి. కుక్కరు మీద వెయిట్ పెట్టడం మరిచిపోతామా? ఇదీ అంతే.

రెండో రోలుకి అమ్మని కూర్చోబెట్టలేదు. ఉదయం కిటికీ దగ్గర గోంగూర ఒలుస్తోంది. నేనెదురుగా పీట వేసుకుని కెమెరా ఒళ్ళో పెట్టుకున్నాను. ఈ లెన్సు మీటరు కంటే దగ్గరగా ఫోకస్ కాదు. మీటరులో ఎఫ్ 3.5 దగ్గర స్పష్టంగా వచ్చే మేర 8 సెంటీమీటర్లే, అంటే బెత్తెడు. కంటిమీద కుదిర్చితే చెవి మెత్తబడిపోతుంది. 400 ఫిల్ము, వేగం సెకనులో ముప్ఫయ్యో వంతు. ఊపిరి బిగబట్టాలి.

"అమ్మా, ఈ కెమెరా అమ్మినాయన భార్య మనింటికొచ్చింది కదూ?" అన్నాను.

"రాకేం! మినపట్టు వేసి, అల్లం పచ్చడి పెట్టాను. పచ్చడి నాలిక్కి తగలగానే కళ్ళంట నీళ్ళు! సైగలు చేసి పంచదార అడిగింది. అట్టు మీద పంచదార చల్లుకుని నాలుగు తింది. మీ నాన్న వెళ్ళి ఇంకో పావుకిలో పంచదార..." అంటూ నవ్వింది. చేతిలో గోంగూర కాడ అలాగే ఉంది. అప్పుడు నొక్కాను. ఆవిడకి తెలియనే లేదు.

ఆ బొమ్మ వచ్చింది. కిటికీ వెలుతురు జుట్టు మీద పల్చగా పరుచుకుంది. మూలన ఉన్న బిందె మెత్తబడిపోయింది. పంటి సందు కూడా కనిపిస్తోంది. నాకు భయమేసింది, ఏమంటుందోనని.

అమ్మ కళ్ళజోడు పెట్టుకుని చాలాసేపు చూసింది. "ముక్కుపుడక బాగా పడింది" అంది. కాసేపయ్యాక, "ఇది నేనే" అంది. ఆ తర్వాత నావైపు తిరిగి, "ఇలా ఇచ్చెయ్. ఇప్పటినుంచే దాచి దండలు కొనకండి" అని, తీసుకెళ్ళి పోపుల డబ్బా పక్కన నిలబెట్టుకుంది.

ఇప్పటికీ అక్కడే ఉంది. నూనె చుక్కలు కూడా పడ్డాయి. ఇంకో ప్రతి తీయించి నేను దాచుకున్నాను, ఆవిడకి చెప్పకండి.

మీ బీరువాలోనూ ఇలాంటి కెమెరా ఏదైనా ఉంటే బయటికి తీసి చూడండి. లెన్సు కొనాల్సి వస్తే, ఎవరి మొహం తీయాలనుకుంటున్నారో ముందు అది అనుకోండి. ఏ లెన్సన్నది తర్వాత తేలిపోతుంది.