మామిడితోటలో దస్తర్‌ఖాన్

మా ఇంట్లో వేసవి విహారమంటే బిర్యానీ డేగిసాయే. పిల్లల పరీక్షలు ముగిశాక ఏదో ఒక ఆదివారం, బొబ్బిలికి కొద్ది దూరంలో తెలిసినవారి మామిడితోటకు వెళ్లడం మా ఆనవాయితీ. పనస మొద్దులను వీణలుగా చెక్కే గొల్లపల్లి దాటి, ఆటోలో డేగిసాను కాళ్ల మధ్య పట్టుకుని కూర్చుని వెళ్లేవాళ్లము. ఈ ప్రాంతంలో ఇరుగుపొరుగువారు వనభోజనాలకు కార్తీక మాసంలో వెళతారు. అవి చల్లని రోజులు, ఏది వండుకుపోయినా నిలుస్తుంది. మేము మాత్రం బడి సెలవులను బట్టి వెళతాము. ఆ సెలవులేమో రోహిణి కార్తెను వెంటబెట్టుకుని వస్తాయి.

మూడేళ్ల క్రితం అలాగే వెళ్లాము. అత్తమ్మ తెల్లవారుజామున మూడు గంటలకే లేచి బిర్యానీ దమ్ముకు పెట్టారు. రాత్రే పెరుగులో నానబెట్టిన కోడిమాంసాన్ని కబాబుల కోసం ఒక స్టీలు డబ్బాలో సర్దాము. మంచుముక్క ఒక్కటీ వేయలేదు. తోటకు చేరి, చెట్ల కింద తిరిగి, నమాజు చేసుకుని దస్తర్‌ఖాన్ పరిచేసరికి మధ్యాహ్నం రెండు దాటింది. మూత తీయగానే వాసన కాస్త తేడాగా అనిపించింది. ఒకరి ముఖం ఒకరం చూసుకున్నామే గాని నోరు విప్పలేదు. మూడు గంటలకు లేచి వండిన మనిషి ఎదురుగా కూర్చుని ఉండగా ఆ మాట ఎవరు అంటారు?

సాయంత్రానికి ముగ్గురు పిల్లలకు వాంతులు మొదలయ్యాయి. రాత్రికి అత్తమ్మ లేవలేని స్థితికి వచ్చారు. ఆసుపత్రిలో రెండు రోజులు సెలైన్ ఎక్కించారు. అల్లాహ్ దయవల్ల అందరూ కోలుకున్నారు. కానీ ఇంటికి వచ్చాక అత్తమ్మ వంటగదిలోకి రావడం మానేశారు. “నా చేతి వంట పిల్లల మీదికి తెచ్చింది” అన్నారు ఒకే ఒకసారి. మరుసటి ఏడు తోట ప్రస్తావన ఎవరమూ తేలేదు.

తప్పు ఆమె చేతిది కాదు, ఆ వేడిది, మా నిర్లక్ష్యానిది. ఆ సంగతి తెలుసుకోవడానికే మాకు ఏడాది పట్టింది. వండిన ఆహారంలో క్రిములు 5 నుంచి 60 డిగ్రీల సెల్సియస్ మధ్య వేగంగా పెరుగుతాయి. మామూలు రోజుల్లో రెండు గంటలకు మించి వండిన పదార్థాన్ని బయట ఉంచరాదని, ఎండ 32 డిగ్రీలు దాటితే ఒక్క గంటే గడువని ఆహార నిపుణుల మాట. మే నెలలో మనకు పొద్దున్నే 32 దాటుతుంది. అన్నంతో మరో చిక్కు ఉంది. బాసిల్లస్ సెరియస్ అనే సూక్ష్మక్రిమి బీజాలు ఉడికినా చావవు. అన్నం గోరువెచ్చగా ఉండిపోతే మేల్కొని విషాన్ని తయారు చేస్తాయి. ఆ విషం మళ్లీ వేడిచేసినా పోదు. సగం చల్లారిన డేగిసాను గుడ్డలు చుట్టి మోసుకుపోవడమంటే వాటికి పక్క పరచి జోకొట్టడమే.

దారి చూపింది మాత్రం పుస్తకాలు కాదు, తోట కాపలా కాసే కుటుంబంలోని ఇల్లాలు. ఆ రోజు మా డేగిసాను చూసి, “ఏటమ్మా ఇది, ఇంత ఎండలోన?” అని నవ్వి, తమ కుండలోని చోడి అంబలి ఒక చెంబుడు ఇచ్చింది. మర్యాదకు పుచ్చుకుని పక్కన పెట్టేశాము. ఆ సంగతి తలచుకుంటే ఇప్పటికీ సిగ్గు వేస్తుంది.

కిందటి వేసవిలో మళ్లీ బయలుదేరాము. ముందు వేళ మార్చాము. ఫజ్ర్ నమాజు కాగానే ప్రయాణం, పది గంటలకల్లా భోజనం, జుహ్ర్ వేళకు ఇంట్లో ఉండడం. సగం సమస్య అక్కడే తీరిపోయింది.

అంబలికి చోడిపిండిని ముందురోజు రాత్రే నీళ్లలో కలిపి పులియనిచ్చాము. తెల్లవారి మరిగే నీటిలో ఉండ కట్టకుండా పోసి, చిక్కబడి పచ్చివాసన పోయేదాకా కలుపుతూ ఉడికించాము. గిన్నెను చన్నీళ్లలో ఉంచి చల్లార్చి, పలుచని మజ్జిగ, ఉప్పు కలిపి మంచుతో ప్లాస్కులో పోశాము. నంజుకోవడానికి ఉల్లిపాయ, పచ్చిమిర్చి.

అన్నం లేకపోతే పిల్లలు ఒప్పుకోరు కనుక మామిడికాయ పులిహోర చేశాము. అర కిలో బియ్యానికి రెండు పుల్లని కాయల తురుము, ఆవపొడి, వేరుసెనగ గుళ్లతో పోపు. వండగానే అన్నాన్ని పళ్లెంలో పలుచగా పరచి విసనకర్రతో ఆరబెట్టడం ముఖ్యం. పులుపు కొంత కాపాడుతుంది నిజమే, కానీ దాన్ని నమ్ముకుని మధ్యాహ్నం దాకా ఉంచకూడదు. కీరదోసకాయలు, ఖర్జూరాలు, ఒక పుచ్చకాయ కోయకుండా తీసుకెళ్లాము. దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) తాజా ఖర్జూరాలను దోసకాయతో కలిపి తినేవారని హదీసు గ్రంథాలు చెబుతున్నాయి. పిల్లలకు ఆ సంగతి చెబితే పోటీపడి తిన్నారు.

ఇక కబాబులు. అవి లేకుండా వెళ్లడానికి మగవాళ్లు ససేమిరా అన్నారు, నిజానికి మేమూ అన్నాము. బొగ్గుల మీద కాల్చుకునే తిండి ఈ కొండ ప్రాంతానికి కొత్తదేమీ కాదు. అరకులో పచ్చి వెదురు బొంగులో కూరి కాల్చే కోడికూర రుచి తెలిసిందే. మేము ఇంటి దగ్గర హలాల్ చేయించిన కోడి, ఎముకలు లేని చిన్న ముక్కలు ఒక కిలో తీసుకున్నాము. రెండు నిమ్మకాయల రసం, అల్లంవెల్లుల్లి, పచ్చిమిర్చి, కొత్తిమీర నూరిన ముద్ద, మిరియాలు, ఉప్పు, కొంచెం నూనె పట్టించాము. పలుచని పొట్లాలుగా కట్టి ముందురోజే గడ్డకట్టించాము. చేపల బజారులో దొరికే థర్మాకోల్ పెట్టెలో, గడ్డకట్టిన నీళ్ల సీసాల నడుమ అవి ప్రయాణం చేశాయి. దోసకాయలూ ఖర్జూరాలూ ఆ పెట్టెలో పెట్టలేదు, వాటిది వేరే సంచి. బొగ్గులు మంట ఆరి పైన తెల్లని బూడిద కట్టాక సీకులు పెట్టాలి. మంట మీద పెడితే పైన మాడి లోపల పచ్చిగా ఉంటుంది. లావుపాటి ముక్కను కోసి చూసి, గులాబీరంగు ఏమాత్రం కనబడినా మళ్లీ కాల్చాము. వెళ్లే ముందు బొగ్గుల మీద నీళ్లు పోసి, కలిపి, మళ్లీ పోశాము. ఎండుటాకుల తోట కదా.

అత్తమ్మ మొదట రానన్నారు. పిల్లలు చేయి పట్టుకుని లాగితే వచ్చి, దూరంగా సువర్ణరేఖ చెట్టు కింద కుర్చీలో కూర్చున్నారు. అంబలి ఇస్తే తాగారు. కాపలాదారు ఇల్లాలిని పిలిచి పక్కన కూర్చోబెట్టుకుని, తాము రుచి చూశాక గ్లాసు ఆమెకూ ఇప్పించారు. “మజ్జిగ ఎక్కువైనాది” అని ఆమె తీర్పు చెప్పింది. నిజమే, ఎక్కువైంది.

కబాబుల దగ్గర మా చిన్న తోడికోడలు సీకులు తిప్పలేక అవస్థ పడుతుంటే, అత్తమ్మ కాసేపు చూస్తూ ఊరుకున్నారు. తరువాత లేచి వచ్చి, ముసుగు సర్దుకుని, ఏమీ అనకుండా సీకు ఆమె చేతిలోంచి తీసుకున్నారు.