ఇంటి లోపలి బాట

బాట మీద హాని కలిగించే వస్తువును తొలగించడం విశ్వాసపు శాఖలలో ఒకటని దైవప్రవక్త (స) బోధించారు. ఆ మాట వినగానే మనకు వీధిలోని రాయి, ముల్లు గుర్తుకు వస్తాయి. పడకగది నుండి వుజూ చేసుకునే గచ్చు వరకు, అక్కడి నుండి జానమాజ్ వరకు ఉన్న కొద్దిపాటి దూరం కూడా ఒక బాటే. నంద్యాలలోని మా ఇంటికి టైల్స్ వేయించిన రోజులలో ఈ సంగతి మా మనసులో బలంగా నాటుకున్నది.

మా పాత ఇంటి నేల అంతా బేతంచెర్ల బండలే. మా జిల్లాలోనే దొరికే ఈ నాపరాయి 40 డిగ్రీలు దాటిన ఎండలలోనూ పాదానికి చల్లగా తగులుతుంది. అమ్మాయి నికాహ్ కుదిరిన తరువాత, వచ్చే బంధువుల ఎదుట ఇల్లు పాతబడినట్టు కనిపించరాదని పిల్లలు ముచ్చటపడ్డారు. దుకాణంలో గుజరాత్‌లోని మోర్బీ నుండి వచ్చిన టైల్స్ అద్దంలా మెరుస్తున్నాయి. ఇల్లంతా అవే పరవాలని వారి కోరిక. అమ్మీ ఏమీ అనలేదు. 80 ఏళ్ళు దాటిన ఆమె తహజ్జుద్ కోసం చీకటితోనే లేచి, గోడ పట్టుకుని వుజూకు వెళ్తారు.

సుమారు 40 కిలోమీటర్ల దూరంలోని ఆళ్లగడ్డ నుండి వచ్చిన మేస్త్రి ఆ మెరిసే పలకను నేల మీద ఉంచి, చెంబెడు నీళ్ళు పోసి, “దీని మీద తడికాలు పెట్టి చూడన్నా” అన్నాడు. మా పెద్దబ్బాయి కాలే జారింది. ఆపైన ఇంట్లో వాదన లేకపోయింది. గదులలో బండలను అలాగే ఉంచి పాలిష్ పట్టించాము. మెరిసే టైల్స్ గోడలకు పరిమితమైనాయి. వుజూ గచ్చుకు, స్నానాల గదికి గరుకు టైల్స్ ఎంచుకున్నాము.

పని సాగుతున్న కొద్దీ కంటికి కనిపించని భాగమే ముఖ్యమని అర్థమైంది. గోడకు వేసే సిరామిక్ పలక నీరు పీలుస్తుంది. అందుకే దానిని ముందుగా నానబెట్టి సిమెంటుతో అతికిస్తారు. లేకపోతే సిమెంటులోని తడిని అదే లాగేసుకుని పట్టు తప్పుతుంది. విట్రిఫైడ్ పలక నీటిని దాదాపు పీల్చదు. దానికి వేరే జిగురు కావాలి. పలక కింద ఖాళీ మిగిలితే తట్టినప్పుడు డొల్లగా మోగుతుంది. బరువు పడిననాడు పగులుతుంది. మేస్త్రి ప్రతి పలకను కర్రతో తట్టి విన్నాడు. గచ్చుకు మీటరుకు ఒకటిన్నర సెంటీమీటరు వాలు పెట్టాడు. అయినా ఒక మూల నీరు నిలిచింది. నికాహ్‌కు వారమే మిగిలింది. “ముగ్గు వేస్తే కనబడదులే” అని ఎవరో సలహా ఇచ్చారు. నిలిచిన నీరు పాచి పడుతుంది, పాచి జారుతుంది. ఆ మూలలోని నాలుగు పలకలనూ తీయించి మళ్ళీ వేయించాము. ఆరేవరకు అటువైపు ఎవరూ అడుగు పెట్టలేదు. రెండు రోజులు ఆలస్యమైంది. నికాహ్ ఏర్పాట్లు కొంత తగ్గించుకున్నాము.

పలకల కళ మన సంప్రదాయానికి కొత్తది కాదు. బీదర్‌లో మహమూద్ గవాన్ 1472లో కట్టించిన మదర్సా గోడలపై రంగు పలకలు కొన్ని నేటికీ నిలిచి ఉన్నాయి. వాటి అందాన్ని అందరూ మెచ్చుకుంటారు. వాటిని ఇన్ని శతాబ్దాలు పట్టి ఉంచినది మాత్రం వాటి వెనుక ఉన్న, ఎవరికీ కనిపించని పూత.

తిరిగి వేసిన రెండు రోజుల కూలీ విషయంలో మేస్త్రి మొహమాటపడ్డాడు. చెమట ఆరకముందే కూలీ ఇవ్వాలన్న ప్రవక్త (స) ఆదేశం ఆ రోజులకూ వర్తిస్తుందని భావించి, ఆ సాయంత్రమే లెక్క ముగించాము. నిజాయితీగా మళ్ళీ చేసిన పనికి శిక్ష పడితే, రేపు మరొకరి ఇంట్లో ఏ మేస్త్రీ డొల్ల పలకను తీయడానికి ముందుకు రాడు.

ఇల్లు బాగుచేసుకునే సోదరసోదరీమణులకు మా విన్నపం ఒక్కటే. రంగు ఎంచుకునే ముందు, ఆ నేల మీద తెల్లవారుజామున తడికాళ్ళతో నడిచేవారు ఎవరో ఆలోచించండి. నీరు పోసి చూడండి, తట్టి వినండి. మన పెద్దల అడుగులను అల్లాహ్ స్థిరంగా ఉంచుగాక! ఆమీన్.