పంతులుగారు రాసిపెట్టిన బెంగ

1942 వేసవిలో పామర్రు దగ్గరి ఒక పల్లె నుంచి ఒక తల్లి కొడుక్కి రాయించిన ఉత్తరంలో ఓ జాగ్రత్త ఉంది: చీకటి పడ్డాక నీళ్ల దగ్గరికి వెళ్లొద్దు, కాలవ గట్టు జారుతుంది. ఆ కొడుకు అప్పుడు ఈజిప్టు ఎడారిలో, సైన్యం సరుకుల డిపోలో గుమాస్తా. ఆ సంగతి ఆవిడకు తెలిసే దారి లేదు. కవరు మీద ఊరి పేరు ఉండకూడదు, నంబరే ఉండాలి. కృష్ణా కాలవల మధ్య పుట్టి పెరిగిన మనిషికి తెలిసిన చావు నీళ్లలో పడి పోవడమే. కాబట్టి యుద్ధంలో ఉన్న కొడుకునూ ఆ నీళ్ల నుంచే కాపాడుకోబోయింది.

ఆ గుమాస్తా మనవరాలు ఇప్పుడు లండన్‌లో ఉంటోంది. తాతయ్య యుద్ధం అయ్యాక తల్లి ఉత్తరాలన్నీ కిట్ బ్యాగులో వేసుకుని తిరిగొచ్చారు. అవి విజయవాడ సింగ్‌నగర్‌లో మనవరాలి తమ్ముడి ఇంటి అటక మీద, రేకుపెట్టెలో ఉండిపోయాయి. 2024 సెప్టెంబరులో బుడమేరు ముంచెత్తినప్పుడు కింద బీరువాలు, సర్టిఫికెట్లు, పెళ్లి ఆల్బములు బురదపాలయ్యాయి. పెట్టెకు తడి తగల్లేదు. “అక్కా, ఇక వీటిని ఇలా వదిలేస్తే లాభం లేదు, నువ్వే చదివిపెట్టు,” అని తమ్ముడు ఒక్కో కాగితం ఫొటో తీసి పంపాడు.

తాతమ్మకు చదువు రాదు. బడిపంతులుగారు అరుగు మీద కూర్చుని రాసిపెట్టేవారు. చిరంజీవి అబ్బాయిని ఆశీర్వదించి వ్రాయించునది ఏమనగా, ఇచ్చట అందరము క్షేమము, అచ్చట నీ క్షేమము తెలియజేయవలెను. ప్రతి ఉత్తరం ఇలాగే మొదలవుతుంది. ఆ తర్వాత ధాన్యం, గేదె ఈనడం, కాలవకు నీళ్లు వదలడం, కిరసనాయిలు దొరక్కపోవడం. యుద్ధం అన్న మాటే కనిపించదు. మొదట్లో మనవరాలికి ఇది నిరాశే కలిగించింది. తేదీలు పక్కన పెట్టుకుని చదివాక గాని ఆ ధాన్యం, ఆ కిరసనాయిలు ఏం చెబుతున్నాయో అర్థం కాలేదు.

1942 మార్చి 8న రంగూన్ జపాన్ చేతికి చిక్కింది. బర్మాకు కూలికీ నాలికీ వెళ్లిన కోస్తా జిల్లాల వాళ్లు అడవులు, కొండలు దాటి కాలినడకన తిరిగొచ్చారు. దారిలో పోయినవాళ్లు ఎందరో. ఏప్రిల్ 6న విశాఖపట్నం మీద, కాకినాడ మీద బాంబులు పడ్డాయి. మద్రాసు సగం ఖాళీ అయింది. జనం పెట్టే బేడా సర్దుకుని లోపలి జిల్లాలకు వచ్చేశారు. ఆ నెల ఉత్తరంలో తాతమ్మ రాయించింది ఒక్క మాటే: కాకినాడ పిన్నివాళ్లు పిల్లలతో సహా మనింటికి వచ్చారు, ఎన్నాళ్లుంటారో తెలియదు. బాంబుల ఊసు లేదు. పిన్ని ఊరికే రాదని కొడుక్కి తెలుసు, అది చాలు.

ఆగస్టు ఉత్తరం ఇంకా పొట్టిది. ఆ నెల 12న తెనాలిలో క్విట్ ఇండియా జనం స్టేషన్‌ను తగలబెట్టారు. పోలీసులు కాల్పులు జరిపితే ఏడుగురు చనిపోయారు. ఇవాళ రణరంగ చౌక్ ఉన్నది వాళ్ల జ్ఞాపకానికే. పంతులుగారు మాత్రం రైళ్లు నడవడం లేదని రాసి ఊరుకున్నారు. సర్కారు బడి ఉద్యోగం ఆయనది, పైగా ఉత్తరం వెళ్లేది సర్కారు సైన్యానికి. ఆయన జాగ్రత్తను తప్పు పట్టలేం.

ఆ జాగ్రత్తకు కారణం లండన్‌లోనే ఉంది. భారత సిపాయిల ఉత్తరాలను సైన్యం సెన్సార్లు విప్పి చదివేవారు. వాటిలోని ముక్కలను ఇంగ్లిషులోకి తిప్పి నివేదికలు తయారుచేసేవారు. మధ్యప్రాచ్యంలోని భారత దళాలకు సంబంధించినవి ఇప్పుడు బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నాయి. దియా గుప్తా 2023లో వచ్చిన పుస్తకంలో రెండో ప్రపంచయుద్ధ కాలపు భారతీయుల మనోభావాల చరిత్ర రాసింది, అందుకు ఇలాంటి ఉత్తరాలనూ వాడుకుంది. మనవరాలు ఆ పుస్తకం చదివాకే సెలవు రోజుల్లో లైబ్రరీకి వెళ్లడం మొదలుపెట్టింది.

అక్కడ ఆమెను కదిలించింది ఒక్క సంగతి. 1943లో సైన్యాధికారులను కలవరపెట్టినవాటిలో ఇంటి నుంచి వచ్చే ధరల కబురు కూడా ఉంది! తిండిగింజలు దొరకడం లేదన్న వార్త చదివి సిపాయిలు కలతపడుతున్నారని నివేదికలు మళ్లీ మళ్లీ చెబుతాయి. బర్మా బియ్యం ఆగిపోయింది. బెంగాల్ కరువులో దాదాపు 30 లక్షల మంది పోయారు. వరి పండే డెల్టాలో కూడా కంట్రోలు కాలం వచ్చింది, గుడ్డకూ చక్కెరకూ కటకటే. తాతమ్మది కౌలు కుటుంబం. పంట చేతికొచ్చాక అప్పులకు అమ్ముకుని, ఎండాకాలంలో బియ్యం కొనుక్కుని తినే ఇల్లు. బస్తా ధర పెరిగిందని రాయించడమంటే మేం పస్తులుంటున్నామని కొడుక్కి చెప్పడమే. పస్తులన్న మాట పంతులుగారి ముందు ఏ తల్లి పలుకుతుంది? సెన్సార్ బల్ల దగ్గర ఆ ధర మాటే దళాల మనోధైర్యానికి ముప్పయింది.

1939లో రెండు లక్షలున్న భారత సైన్యం 1945 నాటికి పాతిక లక్షలకు చేరింది. అందులో 87,000 మందికి పైగా తిరిగి రాలేదు. తాడేపల్లిగూడెం దగ్గర మాధవరం నుంచి వందల మంది వెళ్లారు, అందుకే ఆ ఊరిని మిలటరీ మాధవరం అంటారు. పామర్రు దగ్గరి పల్లెకు అలాంటి పేరేమీ రాలేదు. ఒక్కరో ఇద్దరో వెళ్లిన ఇలాంటి పల్లెల్లో తల్లుల బెంగ ఎవరూ రాసిపెట్టలేదు. రాయించినవాళ్లవి కూడా చాలావరకు చెదలకూ వరదలకూ పోయాయి. 1977 నవంబరు 19 ఉప్పెన దివిసీమను ఊడ్చేసినప్పుడు మనుషులే దక్కలేదు, కాగితాలు ఎక్కడ దక్కుతాయి?

మనవరాలికి ఇప్పుడున్న పెద్ద కష్టం, ఇవన్నీ ఒకవైపు ఉత్తరాలే కావడం. తాతయ్య రాసినవి ఆ పల్లెటూరి తాటాకింట్లో ఎప్పుడో పోయాయి. సెన్సార్ నివేదికల్లో సిపాయిల పేర్లు ఉండవు. ఇంట్లో తిండికి ఎలా ఉందో నిజం రాయమని తల్లిని బతిమాలే కొడుకు వాటిలో కనిపించినప్పుడల్లా ఆమె తేదీ రాసుకుని, తాతమ్మ తర్వాతి ఉత్తరంతో పోల్చి చూస్తోంది. ఇంతవరకు ఒక్కటీ కలవలేదు. ఈ సంక్రాంతికి ఊరెళ్లినప్పుడు పంతులుగారి మనవళ్లు ఎక్కడున్నారో కనుక్కోమని తమ్ముడికి చెప్పింది. కొడుకు రాసినవి తాతమ్మకు చదివి వినిపించింది ఆయనే కాబట్టి, ఏ పాత పుస్తకంలోనైనా ఒక కాగితం మిగిలి ఉండొచ్చని ఆశ.