ఇరుసులో లక్ష రూపాయలు

2021లో మహీంద్రా బొలెరో నియో వచ్చిన కొత్తలో దాని ధరల పట్టిక చూస్తుంటే చివరి రెండు వరుసల దగ్గర నా చూపు ఆగిపోయింది. ఎన్10 ఎక్స్‌షోరూం ధర 10 లక్షలకు కాస్త తక్కువ. ఎన్10 ఆప్షనల్ 10.69 లక్షలు. ఇంజిన్ అదే, సీట్లు అవే. తేడా ఉన్నదల్లా వెనుక ఇరుసు హౌసింగ్ లోపల. మొదటిదాంట్లో ఇంజిన్ బలాన్ని రెండు చక్రాలకూ పంచే మామూలు డిఫరెన్షియల్, రెండోదాంట్లో అవసరం పడితే దానంతటదే లాక్ అయ్యే డిఫరెన్షియల్. ఎరువుల దుకాణం నడిపేవాణ్ణి. కంటికి కనబడని సరుక్కి 70 వేలు అంటే నా చెయ్యి జేబులోకి అంత తేలిగ్గా పోదు.

మాది ఖమ్మం జిల్లా తిరుమలాయపాలెం. వరంగల్ వెళ్లే రోడ్డు మీద ఉన్నంతసేపూ ఏ బండైనా ఒకటే. తారు దిగి పొలాల బాట పట్టామంటే నల్లరేగడి. ఎండాకాలం నెర్రెలిచ్చి రాయిలా ఉంటుంది, వాన పడితే టైరు గాళ్లన్నీ పూడిపోయి చక్రం నున్నటి గుండులా తయారవుతుంది. రైతులు మిర్చి నారు వేసేదీ, పత్తికి మందు కొట్టేదీ ఆ వానల్లోనే. నా దగ్గర అరువు తీసుకున్నవాళ్ల చేను ఎలా ఉందో చూసి రావలసిందీ అప్పుడే. మిర్చి కల్లాల్లోకి వచ్చి, తేజ రకం బస్తాలు ఖమ్మం మార్కెట్‌కు వెళ్లే నాటికి నేలంతా గట్టిపడి ఉంటుంది. అంటే నా బండి దిగబడే కాలం ఏడాదిలో మహా అయితే నాలుగు నెలలు. ఆ నాలుగు నెలల్లోనూ కొన్ని బాటలే.

ట్రాక్టరు తోలినవాడికి లాక్ గురించి ఒకరు చెప్పక్కర్లేదు. ఒక చక్రం ఉత్తినే తిరుగుతుంటే కాలి కింద పెడల్ తొక్కుతాడు, రెండు చక్రాలూ ఒక్కటై లాగుతాయి, బయటపడగానే వదిలేస్తాడు. కారు దగ్గరకొచ్చేసరికి మాత్రం చాలామందికి ఒక అపోహ. మామూలు డిఫరెన్షియల్ బలమంతా జారే చక్రానికే పంపేస్తుందనుకుంటారు. అది రెండు చక్రాలకూ సమానంగానే పంచుతుంది. చిక్కంతా ఆ సమానత్వంలోనే ఉంది. బురదలో ఉన్న చక్రం ఎంత కొద్ది బలానికి జారిపోతుందో, గట్టి నేల మీదున్న చక్రానికీ అంత కొద్దే అందుతుంది. దాంతో బండి కదలదు.

ఈ చిక్కుకు రెండు మందులున్నాయి. ఒకటి లిమిటెడ్ స్లిప్. లోపల క్లచ్ ప్లేట్లుంటాయి, లేదా పళ్లచక్రాలే ఒకదాన్నొకటి పట్టి ఉంచే అమరిక ఉంటుంది. ఒక చక్రం మరీ వేగంగా తిరగబోతే కొంత అడ్డుకుని, రెండోదానికి కొంత ఎక్కువ బలం ఇస్తుంది. తారు మీద, తడి మలుపుల్లో, వేగంగా పోయేటప్పుడు దీని పనితనం తెలుస్తుంది. అయితే ప్లేట్ల రకానికి ప్రత్యేకమైన ఆయిల్ పోయాలి, ప్లేట్లు అరుగుతాయి. పళ్లచక్రాల రకానికి ఆ బాధ లేదు కానీ, ఒక చక్రం పూర్తిగా గాల్లోకి లేస్తే అది దాదాపు చేతులెత్తేస్తుంది. రెండో మందు లాక్. అందులో కొంత, గింత అనేది లేదు. రెండు చక్రాలూ ఒకే వేగంతో తిరగాల్సిందే. గాల్లో ఉన్న చక్రాన్ని లెక్కచేయకుండా నేల మీదున్నది లాగేస్తుంది. అదే లాక్ తారు మీద పడి ఉంటే మలుపు తిరిగేటప్పుడు టైర్లు ఈడ్చుకుపోతాయి, యాక్సిల్ మీద భారం పడుతుంది. ఫోర్స్ గూర్ఖా లాంటి బండ్లలో దాన్ని డ్రైవరే వేసి తీస్తాడు. మహీంద్రా పెట్టింది ఈటన్ కంపెనీ తరహా ఆటోమేటిక్ లాక్. రెండు చక్రాల వేగంలో నిమిషానికి దాదాపు 100 చుట్ల తేడా వస్తే, అదీ బండి గంటకు సుమారు 30 కిలోమీటర్ల లోపు ఉంటేనే పడుతుంది. మిగతా సమయమంతా మామూలు డిఫరెన్షియల్‌లాగే ఉంటుంది. కాబట్టి రోడ్డు మీద దానివల్ల నష్టమేమీ లేదు. ఆలోచించాల్సిందల్లా డబ్బు గురించే.

ఆ డబ్బు 70 వేలతో ఆగలేదు. అప్పటికి తెలంగాణలో 10 లక్షల లోపు కారుకు లైఫ్ ట్యాక్స్ 12 శాతం, దాటితే 14 శాతం. దాటిన ముక్క మీద మాత్రమే కాదు, మొత్తం ధర మీద. ఎన్10కు సుమారు 1.20 లక్షలు, ఆప్షనల్‌కు సుమారు లక్షన్నర. అంటే ఆ లాక్ నన్ను 10 లక్షల గీత దాటించినందుకు ఇంకో 30 వేలు. (2022 మేలో ఆ గీత ఇంకా లోతుగా పడింది. 5 నుంచి 10 లక్షల దాకా 14 శాతం, 10 నుంచి 20 లక్షల దాకా 17 చేశారు.) మొత్తం లక్ష. దాన్ని 9 శాతం వడ్డీకి ఐదేళ్ల లోన్‌లో కలిపితే చేతి నుంచి పోయేది దాదాపు లక్షా పాతిక వేలు. తిరిగొచ్చేదెంత? ఇన్సూరెన్స్ లెక్కలో నాలుగేళ్లు దాటిన బండి విలువను సగానికి కోస్తారు, లాక్ విలువా దాంతోపాటే పోతుంది. కట్టిన పన్ను ఎటూ రాదు. పాత బండి బేరానికి వచ్చేవాడు రీడింగ్ చూస్తాడు, టైర్లు చూస్తాడు, డోరు గట్టిగా వేసి చప్పుడు వింటాడు. ఇరుసులో ఏముందని అడిగినవాణ్ణి నేనింతవరకు చూడలేదు.

మా ఊళ్లో దిగబడ్డ బండిని ట్రాక్టరుతో లాగితే అప్పట్లో 500 ఇచ్చేవాళ్లం. లక్షా పాతిక వేలకు 250 సార్లు లాగించుకోవచ్చు. ఐదేళ్లలో 250 సార్లు బురదలో దిగేవాడు బండి మార్చడం కాదు, వ్యాపారం మార్చుకోవాలి. పైగా ఆ లక్ష నా దుకాణంలో ఊరికే పడి ఉండదు. 266 రూపాయల 50 పైసల యూరియా బస్తా మీద మిగిలేది తక్కువే కావచ్చు, కానీ సీజన్ మొదట్లో చేతిలో రొక్కం ఉంటే పురుగుమందుల డీలరు దగ్గర బేరం వేరుగా ఉంటుంది. ఊళ్లో అప్పు నూటికి రెండు రూపాయలు నడిచే చోట, మన దగ్గరున్న లక్షకు ఏడాదికి 24 వేల పని ఉన్నట్టే లెక్క.

లాక్ లేని ఎన్10 తీసుకున్నాను. మొదటి వానాకాలానికి ముందు వెనుక రెండు టైర్లు మార్పించి లోతైన గాళ్లున్నవి వేయించాను. బురద బాటకు వెళ్లేటప్పుడు వెనకాల నాలుగు ఎరువు బస్తాలు వేసుకుంటే ఇరుసు మీద బరువు పడి పట్టు పెరుగుతుంది. ఒక చక్రం ఉత్తినే తిరుగుతుంటే హ్యాండ్‌బ్రేక్ రెండు పళ్లు లాగి మెల్లగా యాక్సిలరేటర్ ఇస్తాను. జారే చక్రానికి బ్రేకు అడ్డుపడితే రెండోదానికీ ఆ మేరకు బలం అందుతుంది. ఇది లిమిటెడ్ స్లిప్‌కు పేదవాడి రూపం. డ్రమ్ములు వేడెక్కుతాయి కాబట్టి ఎక్కువసేపు చేయకూడదు. ఇప్పటి కార్లు చాలావాటిలో కంప్యూటరే చక్రానికి బ్రేకు పట్టి ఇదే పని చేస్తుంది, మారుతి జిమ్నీలో ఉన్నదీ ఆ ఏర్పాటే.

అదే ఏడాది మా బావమరిది ఆప్షనల్ కొన్నాడు. అతనిది భద్రాచలం అవతల చర్ల. మిర్చి చేలు గోదావరి ఒడ్డున ఉంటాయి. ఇసుక, తాలిపేరు వైపు వాగులు, అడవి బాటలు.

“బావా, నీ లెక్క నీ ఊరికి సరిపోద్ది. నా బండి ఆగిన చోట ఫోన్ సిగ్నలే ఉండదు, ట్రాక్టరు ఎక్కడ దొరుకుద్ది?” అన్నాడు.

కాదనడానికి లేదు. కోతల రోజున పాతికమంది కూలీలు చేలో కూర్చుని ఉంటే, వాళ్లకు నీళ్లూ పట్టాలూ తెచ్చే బండి వాగు ఇసుకలో ఇరుక్కుంటే పోయేది 500 కాదు, పూట కూలి మొత్తం. అలాంటి పూటలు ఏడాదికి కొన్ని తప్పినా అతని లాక్ ఖర్చు అతనికి కిట్టుబాటే. ఒకే షోరూం పట్టికలో ఒకే వరుస అతనికి పెట్టుబడి, నాకు వృథా. దీనిమీద మేమిద్దరం పెళ్లిళ్లలో కూడా వాదించుకుంటాం. మా ఆవిడ మాత్రం తమ్ముడి పక్షం.

లాక్ వద్దనుకుని మిగిల్చిన దాంట్లోంచి కొంత ఏటా ఇన్సూరెన్స్‌లో ఇంజిన్ ప్రొటెక్షన్ యాడ్-ఆన్‌కు పెడుతున్నాను. మామూలు సమగ్ర పాలసీలో, నీళ్లు లోపలికి పోయిన ఇంజిన్‌ను స్టార్ట్ చేయబోయి పాడుచేసుకుంటే సాధారణంగా క్లెయిమ్ రాదు. 2024 సెప్టెంబర్ 1న ఆకేరు పొంగి మా మండలంలోని రాకాసి తండాను ముంచింది, అదే రోజు ఖమ్మంలో మున్నేరు కాలనీల్లోకి వచ్చింది. నా బండి మెరక మీద ఉంది, ఏమీ కాలేదు. అయినా ఆ వారం ఖమ్మంలో షెడ్ల ముందు వరుసగా నిలబెట్టిన కార్లను చూశాక ఆ ప్రీమియం కట్టడానికి నాకెప్పుడూ చెయ్యి వెనకాడలేదు. చక్రాలు నేలను తాకనప్పుడు లాక్ ఉన్న ఇరుసూ లేని ఇరుసూ ఒకటే.

ఇక హైదరాబాద్‌లో ఉద్యోగం చేసే మేనల్లుడి సంగతి. అతనిది ఫోక్స్‌వ్యాగన్ పోలో. ముందు చక్రాలతో నడిచే బండి. బ్రిటన్ కంపెనీ క్వైఫ్ తయారుచేసే పళ్లచక్రాల లిమిటెడ్ స్లిప్ తెప్పించి వేయించాలని సరదా. దిగుమతి సుంకం, గేర్‌బాక్స్ దించి ఎక్కించే కూలీ కలిపి అంచనా లక్ష దాటింది, ఆ లక్ష కోసం నాకు ఫోన్ చేశాడు. రకం ఎంచుకోవడంలో తప్పులేదు. స్టీరింగ్ తిప్పే చక్రాలకు పూర్తి లాక్ పెడితే మలుపులో బండి మాట వినదు, వీధుల్లో తిరిగే కారుకు ఏదో ఒకటి పెట్టాలంటే లిమిటెడ్ స్లిప్పే. నా అనుమానం ఆ “పెట్టాలంటే” దగ్గరే. కంపెనీ స్పెసిఫికేషన్‌ను మార్చే మార్పులు కుదరవని 2019 జనవరిలో సుప్రీంకోర్టు మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కింద చెప్పింది.

“గేర్‌బాక్స్ లోపల ఏముందో ఎవరు చూస్తారు మామయ్యా?” అన్నాడు.

“క్లెయిమ్ రోజున సర్వేయర్ చూస్తాడు” అన్నాను.

అతని కారులో ఈఎస్పీ ఉంది. జారే చక్రాన్ని అది బ్రేకుతో పట్టుకుంటూనే ఉంటుంది. ఔటర్ రింగ్ రోడ్డు మీద ఆఫీసుకు పోయి వచ్చేవాడికి అంతకు మించిన పట్టు ఎక్కడ కావాలో అతనూ చెప్పలేకపోయాడు. రేస్ ట్రాక్ మీదికి పోతాడా అంటే, పోడు. టైర్లు చూపించమని వీడియో కాల్ చేయించాను, నాలుగూ అరిగిపోయి ఉన్నాయి. కొత్త టైర్లకు డబ్బు పంపించాను, వడ్డీ లేదు, వీలైనప్పుడు ఇవ్వమన్నాను. క్వైఫ్ కోసమే అయితే నూటికి రెండు రూపాయలని, నోటు రాయాలని చెప్పాను. నోటు మాట వినగానే ఫోన్ వాళ్లమ్మకు ఇచ్చాడు.