ఆవిడ ఎప్పుడు తింటుందిట?

ఊళ్ళు చూడబోయినవాళ్ళు తిరిగొచ్చాక చెప్పే కబుర్లు ఎప్పుడైనా శ్రద్ధగా విన్నారా? గుడి గురించి అర నిమిషం, సముద్రం గురించి ఒక నిమిషం, తిండి గురించి గంట! "అక్కడ కాఫీ వట్టి నీళ్ళమ్మా" అనో, "ఆ సందు చివర బండి మీద తిన్న బజ్జీ రుచి ఇంకా నాలుక మీదే ఉంది" అనో. మన ఆడవాళ్ళకి ఇందులో ఇంకో సంతోషం కూడా ఉంది. పైకి చెప్పుకోం గానీ, ఆ వారం రోజులూ "రేపు టిఫినేమిటి?" అనే ప్రశ్న మన నెత్తిన ఉండదు. నన్నడిగితే సెలవు అనే మాటకి అసలు అర్థం అదే.

2024 దసరా సెలవులకి మేం మలేషియాలోని పినాంగ్ ద్వీపానికి వెళ్ళాం. మావారు, మా అమ్మాయి, నేను, మా అత్తగారు. ఆవిడకి డెబ్బై నాలుగేళ్ళు. ఎప్పుడో కాశీ వెళ్ళొచ్చి నీసు వదిలేశారు. బయటి తిండి సంగతంటారా, అది వదిలెయ్యడానికి అసలు పట్టుకుంటేగా! పెట్టెలో చీరల కింద అటుకులు, పులిహోర పొడి, మాగాయ సీసా సర్దుకుని, "మీ పురుగులూ పుట్రా మీరు తినండి, నా దారి నాది" అని ముందే చెప్పేశారు.

పినాంగ్‌లో జార్జిటౌన్ చాలా పాత పట్నం. కింద దుకాణం, పైన కాపురం ఉండే రెండంతస్తుల ఇళ్ళు బారులు తీరి ఉంటాయి. 2008లో యునెస్కో వాళ్ళు ఈ పట్నాన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చారు. కానీ అక్కడికొచ్చే సగంమంది చూపు ఆ ఇళ్ళ మీద ఉండదు, వాటి ముందున్న పొయ్యిల మీద ఉంటుంది. ఒకప్పుడు చైనా దక్షిణ తీరం నుంచి పొట్ట చేత పట్టుకుని వచ్చినవాళ్ళు తమతో నూడుల్సు తెచ్చుకున్నారు. పచ్చగా లావుగా ఉండేవి గోధుమపిండివి, వాటిని 'మీ' అంటారు. దారంలా ఉండే బియ్యపు సేమ్యా 'బీహూన్'. తాటాకు చీలికల్లా వెడల్పుగా ఉండే బియ్యపువి 'కొయ్ తియో'. ఇక 'మీ గోరెంగ్' అని ఒకటుంది, దాని చరిత్ర వింటే నవ్వొస్తుంది. నూడుల్సేమో చైనావాళ్ళవి, వేపుడు అని చెప్పే 'గోరెంగ్' మలయా మాట, వేయించేదేమో తమిళ ముస్లిములు! ముగ్గురు తోడికోడళ్ళు కలిసి చేసిన వంటలా ఉంటుంది.

అక్కడి కాఫీ హోటళ్ళ పద్ధతి నాకు భలే నచ్చింది. హోటలు యజమాని కాఫీ, టీ, పానీయాలు మాత్రమే అమ్ముకుంటాడు. తిండి పెట్టేవాళ్ళంతా అతని దగ్గర చోటు అద్దెకి తీసుకున్న చిన్న చిన్న అంగళ్ళవాళ్ళు. ఒక్కొక్కళ్ళది ఒక్కొక్క వంట. మనం ఒక బల్ల దగ్గర కూర్చుని నాలుగు అంగళ్ళలో నాలుగు చెప్పుకోవచ్చు. ఎవరి ప్లేటు వస్తే వాళ్ళకి అప్పుడే డబ్బులివ్వాలి. జన్మంతా ఒక్కటే వంట చేస్తారు కాబట్టి ఆ చేతికి తిరుగుండదు. పొద్దున ఉప్మా, మధ్యాహ్నం పప్పు, పులుసు, రెండు కూరలు, సాయంత్రం పకోడీ చేసే మనకి ఏ ఒక్కదానికీ పేరు రాలేదంటే రాదు మరి!

కెక్ లోక్ సీ అనే పెద్ద బౌద్ధాలయం చూసి, కొండ కింద అయ్యర్ ఇటామ్ బజారులోకి దిగాం. అక్కడ 'ఆసమ్ లక్సా' పెద్ద గిన్నెల్లో మరుగుతోంది. అత్తగారు ఆగిపోయి గాలి పీల్చారు. "చింతపండు! కానాగంతల పులుసులా ఉందే. అందులో సేమ్యా వేశారేమిటీ?" అన్నారు. ఇరవై ఏళ్ళుగా చేప ముట్టని మనిషి! మా అమ్మాయి అడిగొస్తే అక్షరాలా అంతే. 'ఆసమ్' అంటే పులుపు, చేపలూ ఆ జాతివే. పైన పుదీనా, అనాసపండు ముక్కలు, ఒక రకం అల్లంపువ్వు తరుగు, నల్లటి రొయ్యల ముద్ద ఒక చెంచా వేస్తారు. మేం ముగ్గురం తింటూంటే ఆవిడ దూరంగా కూర్చుని అటుకులు నములుతూ, "పులుపు కాస్త ఎక్కువైంది, అవునా?" అని వాసనతోనే తీర్పిచ్చారు. నిజంగానే ఎక్కువైంది.

ఆ మర్నాడు వీధుల్లో ఒక చిత్రం గమనించాం. చాలా అంగళ్ళకి ఎర్ర అక్షరాలు రాసిన పసుపుపచ్చ జెండాలు కట్టి ఉన్నాయి. అడిగితే తెలిసింది, అవి అక్కడి చైనావాళ్ళ నవరాత్రులట! తొమ్మిది మంది చక్రవర్తి దేవుళ్ళు సముద్రం మీంచి వస్తారట. తొమ్మిది రోజులు పూజలందుకుని మళ్ళీ సముద్రం మీదుగానే వెళ్ళిపోతారట. భక్తులు తెల్లబట్టలు కట్టి నీసు మానేస్తారు. ఉల్లి, వెల్లుల్లి కూడా నిషిద్ధమే. వాళ్ళ తొమ్మిదో నెల, మన ఆశ్వయుజం చాలా ఏళ్ళు కలిసే వస్తాయి. ఆ ఏడు రెండు పండగలూ ఒక్కరోజే, అక్టోబరు 3న మొదలయ్యాయి. పసుపు జెండా ఉన్నచోట శాకాహారమేనని గుర్తు.

"ఉల్లి కూడా లేదా?" అని అత్తగారు రెండుసార్లు అడిగారు. మూడోసారి అడగకుండా వెళ్ళి బల్ల దగ్గర కూర్చున్నారు. మావారు నా వంక చూశారు, నేను ఆయన వంక చూశాను. ఇద్దరం నోరెత్తలేదు.

ఆ అంగడి నడిపే ఆవిడకి అరవై దాటి ఉంటాయి. పొట్టి మనిషి, మెడలో తడి తువ్వాలు. తొమ్మిది రోజులకీ మూకుడూ గరిటా వేరుగా పెట్టుకుందిట. మూకుడు కింద మంట హోరుమంటోంది. కొయ్ తియో, మొలకలు, జున్నుముక్కల్లాంటి టోఫూ, సాసు వేసి గబగబా నాలుగు ఎగరేతలు ఎగరేసి ప్లేటులోకి దింపుతోంది. ఒక్కసారికి ఒక్క ప్లేటే! పదిమంది నిలబడి ఉన్నా అంతే. నాలుగు ప్లేట్లకి సరిపడా ఒకేసారి వేస్తే మూకుడు చల్లబడి, నూడుల్సు వేగడం మాని ఉడికి ముద్దవుతాయి. ఆ మంట సెగ తగిలిన కమ్మటి వాసనని చైనావాళ్ళు 'వోక్ హే', అంటే మూకుడు ఊపిరి అంటారు.

ప్లేటు 8 రింగిట్లు, మన డబ్బులో నూటయాభై పైచిలుకు. అత్తగారు ఫోర్కు పక్కన పెట్టి చేత్తోనే తిన్నారు. మధ్యలో రొయ్యలాంటిదొకటి తగిలేసరికి ఉలిక్కిపడ్డారు. గోధుమపిండితో చేసిందని చెబితే, "వద్దని మానేసినదాని ఆకారం మాత్రం ఎందుకో!" అని దాన్ని పక్కకి పెట్టి మిగతాదంతా శుభ్రంగా పూర్తిచేశారు. తర్వాత కదలకుండా ఆ మూకుడు వైపే చూస్తూ కూర్చున్నారు. మేమంతా రుచి గురించి మాట్లాడుకుంటూంటే హఠాత్తుగా అడిగారు:

"ఆవిడ ఎప్పుడు తింటుందిట?"

మాకెవరికీ రాని ప్రశ్న. వచ్చేవాళ్ళు వస్తూనే ఉన్నారు, ఆవిడ చెయ్యి ఆడుతూనే ఉంది. రద్దీ కాస్త తగ్గాక మా అమ్మాయి ఇంగ్లీషులో అడిగొచ్చింది. ఆవిడ నవ్వి, "మూడింటికి పొయ్యి ఆర్పి ఇంటికెళ్ళి గంజన్నం తింటాను. పొద్దుట్నుంచీ వేయించిన ఈ వాసనకి ఇది మాత్రం నోట్లో పెట్టబుద్ధి కాదు" అందిట.

అది విని మా అత్తగారు తలూపిన తీరు నేను మరిచిపోలేను. పద్ధెనిమిదో ఏట మా మామగారింట్లో కాలుపెట్టి యాభై ఆరేళ్ళు వండినావిడ. పండగనాడు అందరికీ గారెలు వేసి, తను చివర్న మజ్జిగన్నం తిని లేచే మనిషి. ఆవిడకి ఆ జవాబు కొత్తది కాదు. మేం ప్లేటు చూశాం, ఆవిడ చేతిని చూశారు.

"కూతురికి నేర్పావా అని అడుగు" అన్నారు మళ్ళీ. కూతురు కౌలాలంపూర్‌లో లెక్కల ఉద్యోగంలో ఉందిట. నేర్పలేదుట. "నేర్పకూడదనే కదా ఇన్నాళ్ళు ఇక్కడ నిలబడ్డాను!" అందిట.

ఇలాంటి అంగళ్ళవాళ్ళ పిల్లలు చాలామంది చదువుకుని ఉద్యోగాలకి వెళ్ళిపోతున్నారు. పెద్దవాళ్ళు పరాయి దేశాల కూలీలని పెట్టుకుంటే రుచి మారిపోతోందని, ఊరికి పేరు తెచ్చిన వంటకాలని విదేశీ పనివాళ్ళు వండకూడదని పినాంగ్ ప్రభుత్వం 2016 నుంచి నిబంధన కూడా పెట్టింది. పాత ఇల్లు కూలకుండా చట్టం చెయ్యొచ్చు. కూతుర్ని పొయ్యి ముందు నిలబెట్టే చట్టం ఎవరు చేస్తారు? ఊరు చూడబోయినదానిగా ఆ మూకుడు చల్లారకూడదని నా కోరిక. ఆడపిల్లని కన్నదానిగా, ఆ పిల్ల చల్లటి గదిలో కూర్చుని లెక్కలు చూసుకుంటోందంటే ప్రాణం హాయిగా ఉంది. ఈ రెండు కోరికలూ ఒకే పొయ్యి మీద ఉడకవు. ఎటూ తేల్చుకోలేక నేను రెండో ప్లేటు చెప్పుకున్నాను.

ఇంటికొచ్చాక మొదటి ఆదివారం దోసెలు వేస్తున్నాను. అందరూ బల్ల చుట్టూ చేరారు. దోసె మాత్రం తక్కువా! అదీ ఒక్కొక్కటే వెయ్యాలి, వేడివేడిగానే తినాలి. వేసేవాళ్ళ వంతుకి చివర పెనం చల్లారి, చట్నీ గిన్నె అడుగంటుతుంది. మొదటి దోసె తీసి మావారి ప్లేటులో వెయ్యబోతే, అత్తగారు అడ్డొచ్చి ప్లేటు నా చేతిలో పెట్టారు.

"ఇవాళ్టినుంచీ ఈ ఇంట్లో ఎవరు దోసెలు వేస్తే వాళ్ళు ముందు రెండు తిని మొదలుపెట్టాలి" అన్నారు.

"ఏమిటమ్మా, నైవేద్యమా?" అన్నారు మావారు.

"అలాగే అనుకో. రెండోవారం నువ్వు వేసేటప్పుడు నీకూ వర్తిస్తుంది" అన్నారావిడ.

మావారి దోసెలు భారతదేశపటంలా వస్తాయి గానీ, రుచికి లోటుండదు. నేను మాత్రం నా వంతు రెండూ ఇంకా పొయ్యి పక్కన నిలబడే తింటున్నాను, కూర్చుని తినడం అలవాటు కాలేదు. ఇవాళో రేపో దానికీ ఆవిడే ఓ ఉత్తర్వు వేస్తారు.