ఫ్రీగా దొరికే చదువు

ఉచితం అంటే చాలు, చేరిపోవడం నా బలహీనత. ఇప్పటి దాకా పద్నాలుగు ఆన్‌లైన్ కోర్సుల్లో చేరాను. పూర్తి చేసినవి రెండంటే రెండు :) మిగతావన్నీ రెండో వారంలోనే అటకెక్కాయి.

నేనొక్కణ్ణే కాదులెండి. 2012లో ఎమ్మైటీ వాళ్ళు సర్క్యూట్స్ అండ్ ఎలక్ట్రానిక్స్ కోర్సుని నెట్లో ఉచితంగా పెడితే, దాదాపు 1,55,000 మంది చేరారు. గట్టెక్కింది 7,157 మంది. నూటికి అయిదుగురు కూడా కాదన్నమాట. అలాగని ఇదంతా వట్టి హడావిడే అని కొట్టిపారెయ్యలేను. కాలేజీలో నేను బట్టీపట్టి పాసైన ఐగెన్ వాల్యూలు అసలెందుకో, ఉద్యోగంలో చేరాక గిల్బర్ట్ స్ట్రాంగ్ పాఠాలు చూస్తేనే తెలిసింది. పైసా ఖర్చు లేకుండా!

ఆ ఊపులోనే ఓ తప్పు చేశాను. మా పిన్ని కొడుకు ఊళ్ళోనే బీఎస్సీ కంప్యూటర్స్ చదువుతున్నాడు. ఇంటర్ దాకా తెలుగు మీడియం. "అన్నయ్యా, ఏ కోచింగ్‌లో చేరమంటావు?" అనడిగాడు. "అన్నీ నెట్లో ఫ్రీగా ఉంటే కోచింగ్ దండగెందుకురా" అని ఓ ప్రోగ్రామింగ్ కోర్సు లింకు పంపి చేతులు దులుపుకున్నాను.

మూణ్ణెల్ల తర్వాత అడిగితే, "మానేశా అన్నయ్యా. ఆయన మాటలు సగం అర్థం కాలేదు. డౌటొస్తే అడగడానికి ఎవరూ లేరు. నా బుర్రకి ఇది ఎక్కదులే" అన్నాడు. ఆ చివరి మాట నాకు గుచ్చుకుంది. డబ్బు పోలేదు సరే, వాడికి తన మీద తనకున్న నమ్మకం పోయింది. కోచింగ్‌లో చేరుంటే కనీసం పక్క బెంచీ వాడికీ అర్థం కాలేదని తెలిసేది.

అప్పుడు గుర్తొచ్చింది, ఆ ఎమ్మైటీ కోర్సులో నూటికి నూరు తెచ్చుకున్న మంగోలియా కుర్రాడి సంగతి. పదిహేనేళ్ళవాడు. అందరం వాడి తెలివి గురించే చెప్పుకున్నాం. కానీ వాళ్ళ స్కూలు ప్రిన్సిపాల్ ఎమ్మైటీలో చదివొచ్చిన మనిషి. పిల్లల చేత ప్రయోగాలు చేయించడానికి అమెరికా నుంచి ఓ పరిశోధక విద్యార్థిని కూడా రప్పించాడు. పాఠం నెట్లోంచే వచ్చింది, పక్కన మనిషి మాత్రం ఉన్నాడు.

చెప్పొచ్చేదేంటంటే, పాఠాలకిప్పుడు కరువు లేదు. 2003లో మొదలైన ఎన్‌పీటీఈఎల్ కొన్ని కోర్సులకి తెలుగులో కూడా పాఠాలిస్తోంది. కరువల్లా "ఎంతవరకొచ్చిందిరా?" అని అడిగే మనిషికే.

ఇప్పుడు ప్రతి ఆదివారం మావాడితో ఓ గంట ఫోన్లో కూర్చుంటున్నాను. వాడు స్క్రీన్ చూపిస్తాడు, తప్పెక్కడో ఇద్దరం వెతుకుతాం. మొన్న వాడు దొరకబట్టిన తప్పు నాకే కనబడలేదు. నాలుగో వారం పాఠాల దగ్గరున్నాం. నెమ్మదే, కానీ ఆగలేదు.

మీ ఇళ్ళల్లోనూ ఇలాంటి తమ్ముడో మరదలో ఉండే ఉంటారు. లింకు పంపడంతో పాటు, వారానికో గంట కూడా ఇచ్చి చూడండి.