మడమ నేర్పిన పాఠము

కృష్ణానది యెడమగట్టున నున్న శ్రీకాకుళము మా గ్రామము. ఉత్తరాంధ్రమందలి శ్రీకాకుళ పట్టణము వేరు, ఇది వేరు. శ్రీకృష్ణదేవరాయలకు ఇచ్చటి ఆంధ్ర మహావిష్ణువు స్వప్నమున సాక్షాత్కరించి ప్రబంధము రచింపుమని యానతిచ్చినట్లు ఆముక్తమాల్యద యవతారికయందు కలదు. ఉద్యోగ విరమణానంతరము ప్రతి దినమును ఆ దేవాలయమునకు నడచిపోవుట నాకు వాడుక.

రెండేండ్ల క్రిందట వర్షాకాలమున నొకనాడు కరకట్ట దిగుచుండగా కాలు జారినది. ఎవరో వెనుకనుండి మడమపై కర్రతో కొట్టినట్లయినది. తిరిగి చూచితిని, ఎవరును లేరు! బందరులో వైద్యుడు నన్ను బోరగిల పరుండబెట్టి పిక్కను నొక్కెను. అట్లు నొక్కినపుడు పాదము కదలవలెను. నా పాదము కదలలేదు. పిక్కను మడమ యెముకతో బంధించు స్నాయువు తెగినదని నిశ్చయించి, శస్త్రచికిత్స చేసి కుట్టిరి.

శరీరమందలి స్నాయువులలో నిదియే మిక్కిలి బలమైనది. పాశ్చాత్యులు దీనిని గ్రీకు వీరుడగు అకిలీస్ పేర పిలుతురు. శైశవమున తల్లి యతనిని స్టిక్స్ నదిలో ముంచెననియు, ఆమె పట్టుకొనిన మడమ తడియలేదనియు, అచ్చటనే బాణము తగిలి యతడు మరణించెననియు కథ. మన శ్రీకృష్ణుడును పాదమున బోయవాని బాణము తగిలియే యవతారము చాలించెను గదా!

ఈ స్నాయువునకు రక్తప్రసారము తక్కువ. కావున అది మెల్లగా మానును. ఆరు వారములు పిండికట్టుతో నుండుమనిరి. నలువది యేండ్లు బాలురకు ఓర్పును బోధించిన నాకు నాలుగవ వారముననే యోర్పు నశించినది. ఒక రాత్రి ఊతకర్ర లేకయే లేచి, తూలి, గోడ పట్టుకొని నిలిచితిని. కుట్టు మరల తెగియుండునేమో యని తెల్లవారువరకు నిద్ర పట్టలేదు.

ఆ రాత్రి నాకొక బాలుడు జ్ఞప్తికి వచ్చెను. పోలియోవలన నొక కాలు సన్నగిలిన యా విద్యార్థి ప్రార్థనకు తరచు ఆలస్యముగా వచ్చెడివాడు. “నియమము అందరికి నొక్కటే” యని వానిని వాకిట నిలువబెట్టితిని. పొరుగూరినుండి యెట్లు నడచి వచ్చుచున్నావని యొక్కనాడైనను అడుగలేదు. పది బారలు నడచుట యెంత దూరమో నాకిప్పుడు తెలిసినది.

అతడిప్పుడు సేద్యము చేయుచున్నాడు. పిండికట్టు విప్పిన పిమ్మట నన్ను చూడవచ్చి, ప్రతి యుదయమును నాతో నడచుటకు పూనుకొనెను. మడమ నెత్తుచు దించుచు పిక్కకు బలము తెచ్చుకొను వ్యాయామములను నేను విసుగుకొనినను, అతడు ప్రక్క నిలిచి లెక్కించెడివాడు. ఒకనాడు పూర్వపు తప్పును తలచి క్షమింపుమంటిని. “ఆ మాటకేమి గాని, మాస్టారూ, ముందు ఈ మెట్టు జాగ్రత్తగా దిగండి” అనెను.

బాలలారా! ఏడాది గడచునప్పటికి నా కాలు చాలవరకు బాగుపడినది. అయినను నడక పూర్వమువలె వేగము గాదు. నేను చేరునప్పటికి అతడు దేవాలయ మండపమున కూర్చుండి యుండును. ఆలస్యమేల యని యతడు నన్నెన్నడును అడుగలేదు.